2016-17 ఎంవీపీ: వెస్ట్‌బ్రూకా, హార్డెనా?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆ సీజన్ అత్యుత్తమ ఆటగాడి అవార్డుకు (ఎంవీపీ) పోటీ రస్సెల్ వెస్ట్‌బ్రూక్, జేమ్స్ హార్డెన్‌ల మధ్యే. వెస్ట్‌బ్రూక్‌వి మ్యాచ్‌కి సగటున 31.6 పాయింట్లు, 10.7 రీబౌండ్లు (గురి తప్పిన షాట్ల బంతిని అందుకోవడం), 10.4 అసిస్టులు (స్కోరుకు దారితీసిన పాస్‌లు). 42 ట్రిపుల్ డబుల్స్‌తో (ఒకే మ్యాచ్‌లో ఇలాంటి మూడు విభాగాల్లో రెండంకెలు) 1961-62 నాటి ఆస్కార్ రాబర్ట్‌సన్ రికార్డునే (41) వెస్ట్‌బ్రూక్ దాటేశాడు. స్టార్ ఆటగాడు డ్యురాంట్ వెళ్లిపోయినా, వెస్ట్‌బ్రూక్ జట్టు ఓక్లహోమా సిటీ 47 మ్యాచ్‌లు గెలిచింది. హార్డెన్‌వి 29.1 పాయింట్లు, 11.2 అసిస్టులు, 8.1 రీబౌండ్లు, అతని జట్టు హ్యూస్టన్‌కు 55 విజయాలు.

వెస్ట్‌బ్రూక్ రీబౌండ్ల అంకెను కాస్త తరచి చూడాలి. ఆడమ్స్ లాంటి పొడగరి సహచరులు ప్రత్యర్థిని అడ్డుకుని బంతిని వెస్ట్‌బ్రూక్‌కి వదిలేవారు. అదేమీ వృథా కాదు, అందుకున్న మరుక్షణమే అతను దాడికి పరుగెత్తేవాడు. అయితే త్రీలు (మూడు పాయింట్ల షాట్లు), ఫ్రీత్రోలు కలిపి షాట్ల సామర్థ్యాన్ని లెక్కించే ట్రూ షూటింగ్‌లో హార్డెన్ 61 శాతం పైన, వెస్ట్‌బ్రూక్ 55 చిల్లర. బంతి పోగొట్టుకోవడంలో ఇద్దరూ ఇద్దరే, మ్యాచ్‌కి ఐదుకు పైగా.

మొదటి స్థానం ఓట్లు వెస్ట్‌బ్రూక్‌కు 69, హార్డెన్‌కు 22. నా ఓటైతే హార్డెన్‌కే: అంత భారం మోస్తూ కూడా షాట్లు వృథా చేయలేదు.