ఆపరేషన్ థియేటర్‌లో రోగి చల్లబడకుండా ఏది మేలు: దుప్పటా, వెచ్చని సెలైనా, వేడిగాలా?

ఆపరేషన్ అయ్యాక రోగి గజగజ వణుకుతూ బయటికొస్తే, ఏసీ ఎక్కువ పెట్టేశారని చుట్టాలు విసుక్కుంటారు. ఏసీ వాటా కొంత ఉన్నా, అసలు కారణం మత్తు. చలి వేస్తే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని వేడిని గుండె, మెదడు, పొట్ట దగ్గరే ఆపుతాయి. మత్తు ఇవ్వగానే ఆ కట్టడి సడలి, లోపలి వేడి కాళ్లకూ చేతులకూ పారిపోతుంది. మొదటి గంటలోనే ఒంటి లోపలి ఉష్ణోగ్రత ఒకటి, ఒకటిన్నర డిగ్రీల సెల్సియస్ పడిపోవడం మామూలే. వెన్నులో మత్తు ఇచ్చినా ఇదే తంతు. సిజేరియన్‌లో తల్లికి కాళ్లు వెచ్చగా అనిపిస్తాయి కాబట్టి తాను చల్లబడుతున్న సంగతి తనకే తెలియదు.

లోపలి ఉష్ణోగ్రత 36 కంటే కిందికి దిగితే చల్లబడినట్టే లెక్క. దానివల్ల రక్తం సరిగ్గా గడ్డకట్టదు, మత్తుమందుల ప్రభావం ఆలస్యంగా వదులుతుంది, గాయం చీముపట్టే అవకాశం పెరుగుతుంది. ఈ చివరి సంగతిని 1996లో ఆండ్రియా కుర్జ్, డేనియల్ సెస్లర్ బృందం తేల్చింది. పెద్దపేగు ఆపరేషన్ చేయించుకున్న 200 మందిలో, వెచ్చగా ఉంచినవారిలో 6 శాతం మందికి ఇన్ఫెక్షన్ వస్తే, 34.7 దాకా చల్లబడినవారిలో 19 శాతం మందికి వచ్చింది. అలాగని 37 కోసం ప్రాణం పెట్టనక్కర్లేదు. 2022లో అయిదు వేల మందికి పైగా రోగులతో జరిగిన ప్రొటెక్ట్ పరిశోధనలో 35.5 దగ్గర ఉంచినా, 37 దగ్గర ఉంచినా గుండెకు జరిగే నష్టంలోగానీ ఇన్ఫెక్షన్లలోగానీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాబట్టి అసలు భయం 34ల్లోకి జారిపోవడం గురించే.

ఇక సాధనాల సంగతి. దుప్పటి చవక, అన్నిచోట్లా ఉంటుంది. ఒక పొర కప్పితే చర్మం నుంచి పోయే వేడి దాదాపు 30 శాతం తగ్గుతుంది. రెండోది, మూడోది కప్పినా అదనంగా ఒరిగేది కొంచెమే. పైగా దుప్పటి పోయే వేడిని ఆపుతుంది తప్ప కొత్తగా వేడిని ఇవ్వదు. అరగంటలో అయిపోయే చిన్న ఆపరేషన్‌కి చాలు. రెండు గంటలు పొట్ట తెరిచి ఉంచే కేసుకి అది చాలదు.

సెలైన్‌ని వెచ్చబెట్టి పంపే వార్మర్ మీద మన ఆసుపత్రుల్లో నమ్మకం కాస్త ఎక్కువే. గది ఉష్ణోగ్రతలో ఉన్న సెలైన్ ఒక లీటరు ఎక్కిస్తే పెద్దవాళ్లలో ఒంటి వేడి పావు డిగ్రీ తగ్గుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన ఒక్క యూనిట్ రక్తమూ అంతే చేస్తుంది. నాలుగు లీటర్లు ఎక్కిస్తే ఒక డిగ్రీ పోయినట్టే. ఆ నష్టాన్ని వార్మర్ ఆపుతుంది, కానీ అంతకుమించి చేయలేదు. ఒంటి వేడికి మరీ మించి కాచిన ద్రవాన్ని నరంలోకి పంపలేం కదా. ఇంకో చిక్కు కూడా ఉంది. చుక్కలు చుక్కలుగా పోతున్నప్పుడు వార్మర్ దాటిన సెలైన్, చేతి నరంలో గుచ్చిన సన్నని గొట్టానికి (క్యాన్యులాకి) చేరేలోపు ఆ పొడుగాటి ట్యూబులోనే మళ్లీ చల్లారిపోతుంది. అందుకే వేగంగా, ఎక్కువగా ఎక్కించాల్సిన చోటే వార్మర్ అక్కరకొస్తుంది. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు చెప్పే నైస్ సంస్థ మార్గదర్శకాలు అర లీటరు, ఆపైన ఎక్కించేవాటిని 37కి వెచ్చబెట్టమంటాయి. రక్తం ఎక్కించేటప్పుడు మాత్రం వార్మర్ తప్పనిసరి అంటాను.

నా ఓటు వేడిగాలికే. బ్లోయర్ నుంచి గొట్టం ద్వారా వచ్చే వెచ్చటిగాలి, రంధ్రాలున్న కాగితపు కవరులో నిండి ఒంటి మీద పరుచుకుంటుంది. కింద పరిచే వేడి పరుపుకంటే ఇది మెరుగవడానికి కారణం చిన్నదే. వెల్లకిలా పడుకున్న మనిషి వేడి ఎక్కువగా ముందు వైపు నుంచే పోతుంది. పైగా బరువు పడి నలిగిన వీపులో రక్తం సరిగ్గా పారదు. అక్కడిచ్చిన వేడి ఒంటికంతా అందకపోగా, చర్మం కాలే ప్రమాదం కూడా ఉంటుంది. పసిపిల్లలకైతే పరుపు, పైనుంచి వేడిని ప్రసరించే రేడియంట్ వార్మర్ల లెక్క వేరు.

కీలు మార్పిడి ఆపరేషన్లలో వేడిగాలి నేలమీది క్రిముల్ని లేపుతుందని అమెరికా కోర్టుల్లో వేల కేసులు పడ్డాయి. అక్కడి మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో అన్నీ చూసి, వాడకం ఆపనక్కర్లేదని చెప్పింది.

వేడిగాలితో నిజమైన గొడవ ఖర్చు దగ్గరే. మిషన్ ఒక్కసారి కొంటే సరిపోతుంది, కవరు మాత్రం ప్రతి రోగికీ కొత్తది కావాలి. ఆ డబ్బు మిగులుతుందని గొట్టం మూతిని నేరుగా దుప్పటి కిందికి దూర్చేవాళ్లున్నారు. అది అస్సలు చేయకూడదు. కవరులో పరుచుకోవాల్సిన వేడంతా ఒక్కచోటే తగిలి చర్మం కాలుతుంది. మత్తులో ఉన్న మనిషి కాలు వెనక్కి లాక్కోలేడు, అరవలేడు. వేడినీళ్లలో కాచిన సెలైన్ బాటిళ్లు చంకలో పెట్టడమూ ఇలాంటి పనే.

బ్లోయర్ ఉన్నచోట కూడా చాలామంది దాన్ని ఆలస్యంగా ఆన్ చేస్తారు. రోగి చల్లబడ్డాక మళ్లీ వేడెక్కించడానికి గంటలు పడుతుంది. మత్తుకు ముందే అరగంట వేడిగాలి పెడితే కాళ్లూ చేతులూ ముందే వెచ్చబడి ఉంటాయి కాబట్టి లోపలి వేడి పారిపోవడానికి పెద్దగా చోటుండదు. ఆపరేషన్ల లిస్టు తోసుకొస్తుంటే అరగంట ఎక్కడిదంటారా? పది నిమిషాలైనా పెట్టండి, ఎంతో కొంత కలిసొస్తుంది.

చిన్న నర్సింగ్ హోమ్‌కి ఒక్కటే కొనే స్తోమతుంటే బ్లోయర్ కొనమంటాను. సెలైన్ వార్మర్ తరువాత సంగతి. ఈలోగా రోగిని తడి డ్రేపుల (ఆపరేషన్‌కి పరిచే గుడ్డల) మీద పడుకోబెట్టకుండా, కోత పెట్టని చోటల్లా కప్పి, డ్రేపులు పరిచేదాకా ఏసీ తగ్గించి నెట్టుకురావచ్చు. వీటన్నిటికంటే ముందు లోపలి ఉష్ణోగ్రత కొలిచే ప్రోబ్ ఒకటి ఉండాలి. పూర్తి మత్తులో అన్నవాహికలోనో, ముక్కు వెనకో పెట్టి కొలవాలి. నుదుటికి గురిపెట్టే థర్మామీటరు చూపించే అంకెని నమ్మి బ్లోయర్ ఆపేయకండి.