చనుమొనల పగుళ్ళకు ల్యానోలిన్ క్రీమ్: కొనొచ్చా, ఎంతవరకు పనికొస్తుంది?

చంటిబిడ్డకు పాలిస్తూ చనుమొనలు పగిలి బాధపడుతున్న అమ్మలకు ముందే చెప్పేస్తాను. ల్యానోలిన్ క్రీమ్ మంచి వస్తువే, పగుళ్ళు ఎండి బట్టకు అంటుకోకుండా కాపాడుతుంది, కానీ బిడ్డ రొమ్ము సరిగ్గా పట్టకపోతే ఎన్ని ట్యూబులు రాసినా నొప్పి పోదు. అందుకే 5కి 3 ఇస్తున్నాను. ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, మన ఇళ్ళల్లో ఈ సంగతి ఎవరూ విప్పి మాట్లాడరు, "మొదట్లో అందరికీ ఉండేదేనమ్మా, ఓర్చుకో" అని ఊరుకుంటారు.

నేను పురిటికి వచ్చింది రాజోలు దగ్గర మా పుట్టింటికి. బాబు పుట్టిన వారంలోపే రెండు వైపులా పగుళ్ళొచ్చాయి, ఎడమవైపు రక్తం కూడా వచ్చేది. వాడు ఆకలికి ఏడుస్తుంటే ఎత్తుకోవాలంటేనే భయమేసేది, పళ్ళు బిగపట్టి పాలిచ్చేదాన్ని. ఒకసారి వాడు కక్కిన పాలల్లో ఎర్రటి చారలు కనిపించేసరికి మా అమ్మ కంగారుపడిపోయింది. అది నా పగుళ్ళలోంచి వచ్చిన రక్తమేనని, దానివల్ల బిడ్డకు హాని లేదని, పాలు ఆపక్కర్లేదని డాక్టరమ్మ చెప్పాక గానీ ఇంట్లో టెన్షన్ తగ్గలేదు. నొప్పికి పారాసెటమాల్ రాసిచ్చారు, పాలిచ్చే తల్లులు వేసుకోవచ్చు.

ఇక క్రీమ్. మొదట దగ్గర్లోని మందుల షాపులో ఒక ఆయింట్‌మెంట్ ఇచ్చారు, పాలిచ్చే ముందు శుభ్రంగా తుడిచెయ్యాలని దానిమీద రాసుంది. రెండు గంటలకోసారి పాలు తాగే బిడ్డున్న తల్లి, పుండు మీద గుడ్డ పెట్టి తుడుచుకుంటూ కూర్చోగలదా? అందుకే ఆన్‌లైన్‌లో శుద్ధి చేసిన ల్యానోలిన్ తెప్పించుకున్నాను. మెడెలా, లాన్సినో లాంటి కంపెనీలు ఇవి చేస్తాయి. ఏ కంపెనీదైనా సరే, అట్టపెట్టె మీద పదార్థాల దగ్గర ల్యానోలిన్ ఒక్కటే ఉందా, ఇంకా సువాసనలూ అవీ కలిపారా అన్నది చూసుకుని కొనండి. ల్యానోలిన్ అంటే గొర్రె ఉన్నికి ఉండే జిడ్డు, దాన్ని శుద్ధి చేసి ఇలా ట్యూబుల్లో నింపుతారు. ఆ మాట వినగానే మా అమ్మ "అది పిల్లాడి నోట్లోకి పోతే ఎలాగే?" అంది. మంచి ప్రశ్నే. ఇలా పాలిచ్చే తల్లుల కోసమని శుద్ధి చేసిన ల్యానోలిన్‌ని పాలిచ్చే ముందు తుడవక్కర్లేదు, దీనికి డబ్బు పెట్టడానికి నాకు కనిపించిన పెద్ద కారణం అదే. ఉన్ని పడని వాళ్ళకి మాత్రం దురద, ఎర్రటి దద్దుర్లు రావచ్చు, ముందు మోచేతి దగ్గర కొంచెం రాసి చూసుకోండి.

చూడ్డానికి లేత పసుపు రంగు, తీగపాకంలా సాగుతుంది. బియ్యపు గింజంత తీసుకుని రెండు వేళ్ళ మధ్య కాస్త వెచ్చబడేదాకా మెదిపి పగుళ్ళ మీద అద్దాలి, రుద్దకూడదు, రుద్దితే ప్రాణం పోయినంత పనవుతుంది. మన గోదావరి జిల్లాల ఉక్కకి ట్యూబు కిటికీ దగ్గర పెడితే లోపల పల్చబడి నొక్కగానే బోలెడు బయటికొచ్చేస్తుంది, నీడపట్టున పెట్టుకోండి. నైటీలకు జిడ్డు మరకలు పడతాయి, ఓ పట్టాన వదలవు, పాతవి వేసుకోవడం మేలు.

పనిచేసిందా అంటే, నా మటుకు ఒక పని బాగా చేసింది. అంతకుముందు పగుళ్ళు ఎండి, చెక్కు కట్టి, జాకెట్టుకు అంటుకుపోయి, తీసేటప్పుడు మళ్ళీ చిరిగి రక్తం వచ్చేది. క్రీమ్ రాశాక ఆ అంటుకోవడం ఆగిపోయింది, పాలివ్వని సమయంలో ఉండే మంట తగ్గింది. కానీ బాబు నోరు పెట్టగానే వచ్చే నొప్పి మాత్రం ఏమీ తగ్గలేదు.

అది ఎందుకు తగ్గలేదో చెప్పింది మా ఊరి ఆశా అక్క. ఆసుపత్రిలో కాన్పయిన వాళ్ళింటికి ఆశా వర్కర్లు 3, 7, 14, 21, 28, 42 రోజులకు వచ్చి తల్లినీ బిడ్డనీ చూసి వెళ్ళాలి, ఇది ప్రభుత్వ పథకమే, పైసా ఖర్చు లేదు. బరువు చూసి వెళ్ళిపోతుందనుకున్నాను గానీ, "ఏదీ చెల్లీ, ఒకసారి నా ముందే పట్టు" అని పక్కన కూర్చుంది. బాబు నోరు విడిపించగానే చనుమొన ఏటవాలుగా నొక్కుకుపోయి, కొస తెల్లగా ఉండటం చూపించింది. వాడు చనుమొన ఒక్కటే నోట్లోకి తీసుకుంటున్నాడు, అది వాడి గట్టి అంగిలికీ నాలుకకీ మధ్య నలిగిపోతోంది. నోటి నిండా రొమ్ము పడితే చనుమొన లోపల మెత్తటి అంగిలి దాకా వెళ్తుంది, అక్కడ నలగదు.

"పిన్నిగారూ, ఆ తలగడ ఇటివ్వండి" అని అమ్మని అడిగి, నా వీపు వెనక పెట్టి నన్ను కాస్త వెనక్కి వాల్చింది. బాబు పొట్ట నా పొట్టకు ఆనేలా, చెవి, భుజం, తుంటి ఒకే వరసలో ఉండేలా తిప్పింది. ముక్కు చనుమొనకు ఎదురుగా పెట్టి, పై పెదవికి చనుమొన తగిలిస్తూ వాడు ఆవలించినంత పెద్దగా నోరు తెరిచేదాకా ఆగమంది. తెరవగానే బిడ్డని రొమ్ము దగ్గరికి తేవాలి, మనం వంగి రొమ్ముని బిడ్డ నోట్లో పెట్టకూడదు. గడ్డం ముందు తగలాలి, కింది పెదవి బయటికి తిరగాలి, చుట్టూ ఉండే నల్లటి భాగం పైన ఎక్కువ, కింద తక్కువ కనిపించాలి. నొప్పిగా ఉంటే భరిస్తూ కూర్చోకుండా, చిటికెన వేలు నోటి మూల నుంచి లోపలికి పెట్టి విడిపించి మళ్ళీ పట్టించమంది, లాగేస్తే ఉన్న పగులు ఇంకా పెద్దదవుతుంది. రొమ్ము రాయిలా గట్టిపడి ఉంటే నోరు జారిపోతుంది కాబట్టి ముందు కొన్ని పాలు చేత్తో పిండి మెత్తబడ్డాక పట్టించమంది. ఆపరేషన్ అయిన వాళ్ళు బిడ్డని చంక కింద పెట్టుకుని పడితే కుట్ల మీద బరువు పడదట. ఆ పూటే తేడా తెలిసింది, వాడు గుటక వేసే చప్పుడు నాకు మొదటిసారి వినిపించింది. అలవాటు కావడానికి ఇద్దరికీ కొంత సమయం పట్టింది, రాత్రిపూట నిద్రమత్తులో మళ్ళీ పాత తీరుకే వచ్చేవాళ్ళం.

ఈ క్రీమ్ మీద పెద్ద ఆశలు పెట్టుకున్న వాళ్ళు తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. వైద్య పరిశోధనలని ఒకచోట చేర్చి పరిశీలించే కొక్రేన్ అనే సంస్థ 2014లో ఇచ్చిన సమీక్షలో 4 పరిశోధనల్లోని 656 మంది తల్లుల వివరాలు కలిపి చూశారు. ఏమీ రాయకుండా వదిలేసినా, సొంత పాలే రాసుకున్నా, మొదటి రోజుల్లో ల్యానోలిన్‌తో సమానంగానో అంతకన్నా మెరుగ్గానో ఉండొచ్చని అన్నారు. ఏం వాడినా చాలామందికి కాన్పయిన 7-10 రోజులకు నొప్పి బాగా తగ్గిందని కూడా తేలింది. కాబట్టి క్రీమ్ కొనే స్తోమత లేదని ఎవరూ బాధపడక్కర్లేదు, బిడ్డ తాగాక చివర్లో రెండు చుక్కలు పిండి రాసి గాలికి ఆరనివ్వండి.

క్రీమ్‌తో పాటు సిలికాన్ షీల్డ్, అంటే పాలిచ్చేటప్పుడు చనుమొన మీద పెట్టుకునే మెత్తటి తొడుగు, కూడా కొన్నాను, దానికి 5కి 2 కంటే ఎక్కువ ఇవ్వలేను. సైజు సరిపోవాలి, ప్రతిసారీ కడిగి మరిగించాలి, క్రీమ్ రాసిన చర్మం మీద, చెమట మీద నిలవదు, పైగా సరిగ్గా అమరకపోతే బిడ్డకు పాలు తక్కువ అందొచ్చు. తెలిసినవాళ్ళు చూసి చెప్తేనే వాడండి. కారే పాలు పీల్చడానికి జాకెట్టు లోపల పెట్టుకునే ప్యాడ్లలో ప్లాస్టిక్ పొర ఉన్నవి మన వాతావరణానికి అసలు వద్దు, తడి లోపలే ఉండి చర్మం నాని ఇంకా పాడవుతుంది. మా నాన్నగారి పాత పంచె ముక్కలు ఉతికి మడత పెట్టి అమ్మ ఇచ్చినవే నాకు హాయిగా ఉన్నాయి. సబ్బు కూడా చనుమొనలకు వద్దు, పొడిబారిపోతాయి. తేనె రాయమని ఎవరన్నా చెప్తే వినొద్దు, ఏడాది లోపు పిల్లల నోట్లోకి తేనె వెళ్ళకూడదు, బోట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వచ్చే అవకాశం ఉంది.

ఒకవైపు మరీ భరించలేకపోతే నొప్పి తక్కువున్న వైపు ముందు పట్టించండి, అదీ కుదరకపోతే పాలు పిండి శుభ్రమైన ఉగ్గుగిన్నెతో పట్టొచ్చు. పిండకుండా అలా వదిలేస్తే పాలు గడ్డకడతాయి.

క్రీమ్‌తో కాలం గడపకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. పాలిచ్చాక కూడా లోపల పొడుస్తున్నట్టు మంట, చనుమొన మెరుస్తూ ఎర్రగా ఉండటం, బిడ్డ నోట్లో తుడిచినా పోని తెల్లటి మచ్చలు ఉంటే ఫంగస్ కావచ్చు, తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ మందు వాడాలి. రొమ్ములో ఒకచోట ఎర్రగా వేడిగా గట్టిపడి జ్వరం వస్తే ఆ రోజే డాక్టర్‌కి చూపించుకోండి, పాలివ్వడం మాత్రం ఆపొద్దు. తీరు మార్చినా నొప్పి తగ్గక, బిడ్డ బరువు పెరగకపోతే నాలుక కింద పొర బిగుతుగా ఉందేమో పిల్లల డాక్టర్‌ని చూడమనండి.

ఇన్ని తెలిశాక కూడా కొంటారా అని అడిగితే, పగుళ్ళు బట్టకు అంటుకుపోతుంటే కొనండి, అది కూడా చిన్న ట్యూబు. పూటకి బియ్యపు గింజంతే కాబట్టి చాలాకాలం వస్తుంది, నాది బాబు నెలల పిల్లాడయ్యాక కూడా సగం మిగిలే ఉంది.