వసంతంలో హిమాలయ ట్రెక్‌కి ఏది మేలు: మందపాటి ఉన్ని ఒకటా, పలచటివి రెండా?

ఏప్రిల్, మే నెలల్లో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠకో, హర్‌కీ దూన్‌కో, తుంగనాథ్‌కో బయల్దేరే మనవాళ్లు ఏటా అడిగేది ఇదే: మందపాటి మెరినో (సన్నని పోగుండే మెరినో గొర్రె ఉన్ని) చొక్కా ఒకటి కొంటే చాలదా, పలచటివి రెండు కొనాల్సిందేనా? మెరినో ధర తెలిసినవాళ్లు ఇలా అడగడం న్యాయమే. నా ఓటు పలచటి రెండింటికే. కారణం చెమట.

చోప్తా నుంచి చంద్రశిల దారినే తీసుకోండి. చోప్తా సుమారు 2,700 మీటర్ల ఎత్తున ఉంటుంది, చంద్రశిల శిఖరం దాదాపు 3,700. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు పడిపోతుంది. అంటే శిఖరం మీద చోప్తా కంటే ఆరేడు డిగ్రీలు తక్కువ, దానికి తోడు గాలి. కింద మాత్రం బురాన్స్ పూల చెట్ల మధ్య రాళ్లు పరిచిన దారిలో, వీపున బ్యాగుతో, ఎండలో పావుగంట ఎక్కగానే ఒళ్లు తడుస్తుంది. తుంగనాథ్ గుడి దాటాక అదే తడి ఒంటికి గాలి కొడుతుంది. మధ్యాహ్నానికి వడగళ్లు పడ్డా ఆశ్చర్యం లేదు. జనవరిలో ఉదయం వేసుకున్నది సాయంత్రం దాకా ఉంచుకోవచ్చు. వసంతంలో ఆ పప్పులుడకవు.

ఇక్కడే 250 జీఎస్ఎం (చదరపు మీటరు గుడ్డ 250 గ్రాములు తూగే) మందపాటి చొక్కా ఇబ్బంది పెడుతుంది. అది ఒంటికి ఆనుకుని ఉంటుంది, లోపల ఇంకేమీ ఉండదు కాబట్టి వేడెక్కినా విప్పలేరు. జిప్ దించడం, చేతులు మడవడం మించి దారి లేదు. పైగా ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమను పీల్చుకోగలదు. చేతికి తడి తెలియకపోవడం దాని గొప్పతనమే, కానీ పీల్చిన నీరు ఎప్పుడో ఒకప్పుడు ఆరాలి కదా. 300 గ్రాముల చొక్కాలో 100 గ్రాముల దాకా నీరు దాక్కుంటుంది. మీరు ఆగగానే అది ఆరడం మొదలుపెట్టి ఒంటి వేడినే లాగేస్తుంది. బ్యాగు ఆనే వీపు భాగం రాత్రికీ ఆరదు. సున్నా దగ్గర ఉన్న టెంటులో వేలాడదీస్తే తెల్లారినా చెమ్మగానే ఉంటుంది.

150 జీఎస్ఎం టీషర్టు బరువు దాదాపు అందులో సగం. తడిసినా ఎండలో నడుస్తుండగానే ఒంటిమీద ఆరిపోతుంది. దానిపైన 200 జీఎస్ఎం పూర్తి చేతుల చొక్కా, ఆపైన గాలిని ఆపే పలచటి విండ్‌చీటర్. ఈ మూడింటితో నాలుగైదు రకాల వెచ్చదనం చేతిలో ఉంటుంది. రెండు పొరల మధ్య నిలిచే గాలి కూడా వెచ్చదనమే, దానికి బరువు లేదు.

వాడే తీరు ముఖ్యం. బయల్దేరేటప్పుడు కాస్త చలిగా అనిపించాలి. వెచ్చగా ఉందంటే ఒక పొర ఎక్కువైనట్టే. పది, పదిహేను నిమిషాలు నడిచాక ఒకసారి ఆగి పై చొక్కా విప్పేయండి, చెమట పట్టాక కాదు, పట్టకముందే. టీకి ఐదు నిమిషాలకు మించి ఆగితే చలి వేసేదాకా చూడకుండా వెంటనే పై పొర వేసుకోండి. విండ్‌చీటర్ తుంగనాథ్ దాకా బ్యాగు పై జేబులోనే ఉండాలి. ఎక్కేటప్పుడు వేసుకుంటే ఆవిరి లోపలే నీరై, వాన పడకుండానే తడిసిపోతారు.

కొలతల్లోనూ పొరపాట్లు జరుగుతాయి. లోపలిది ఒంటికి అంటి ఉండాలి, పైది దాని మీద సులువుగా జారాలి. రెండూ వేసుకుని చేతులు పైకెత్తి చూడండి. నడుము బయటపడినా, చంకల దగ్గర లోపలి గుడ్డ ముడతలు పడినా పైది ఒక సైజు పెంచండి. బిగుతుగా ఉంటే మధ్యలో గాలి నిలవదు, రెండు కొన్న ఫలితం పోతుంది. లోపలిది పొట్టి చేతులదైతే మోచేతుల దగ్గర బరువు తగ్గుతుంది. పైదానికి ఛాతీ దాకా జిప్ తప్పనిసరి. బ్యాగు దించకుండా ఒంటిని చల్లబరచుకునే వీలు అదొక్కటే. నూరు శాతం మెరినో 150 జీఎస్ఎం బ్యాగు పట్టీల కింద, నడుము బెల్టు దగ్గర త్వరగా చిల్లులు పడుతుంది. అందుకే 10 నుంచి 15 శాతం నైలాన్ కలిసినది కొనండి.

మందపాటిది పనికిరాదని కాదు. గుర్రం మీద తుంగనాథ్ వెళ్లే అమ్మానాన్నలకు అదే మేలు. వాళ్లకు చెమట పట్టదు, గాలి మాత్రం తగులుతూనే ఉంటుంది. రాత్రి పడుకోవడానికీ 250 జీఎస్ఎం హాయిగా ఉంటుంది, అయితే దాన్ని నడకకు వాడకుండా పొడిగా దాచుకోవాలి.

లోపల పాలియెస్టర్, పైన ఉన్ని వేసుకోవడం మంచి ఎంపికే. పాలియెస్టర్ నీటిని పీల్చదు, చవక, త్వరగా ఆరుతుంది. విపరీతంగా చెమట పట్టేవాళ్లకు, ఒక్కరోజు నడకకు నేను దాన్నే చెబుతాను. నాలుగైదు రోజుల ట్రెక్‌లో మాత్రం రెండో రోజుకే వాసన వస్తుంది. ఉన్ని వారం దాకా ఓర్చుకుంటుంది. పైన ఉన్నికి బదులు ఫ్లీస్ (నూగులాంటి సింథటిక్ గుడ్డ) వేసుకున్నా పని నడుస్తుంది. కాటన్ బనీను, కాటన్ థర్మల్స్ ఇంట్లో వదిలేయండి.

ఇంట్లో అల్లిన స్వెటర్ ఉంటే కొత్తది కొనేముందు అది అసలు ఉన్నేనా అని చూడండి. మన ఊళ్లలో వులెన్ అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం యాక్రిలిక్. లోపలి కుట్టు దగ్గర వేలాడే చిన్న పోగు తెంపి పట్టకారుతో పట్టుకుని నిప్పు తగిలించండి. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వచ్చి, మంట తీయగానే ఆరిపోయి, వేళ్ల మధ్య బూడిదగా నలుగుతుంది. యాక్రిలిక్ కరిగి నల్లటి గట్టి పూసలా మిగులుతుంది.

ఉన్ని ఒంటికి గుచ్చుకుంటుందని భయపడేవాళ్లు సాధారణంగా గొంగడిని తలచుకుంటారు. దక్కనీ గొర్రె ఉన్ని పోగు మెరినోకంటే చాలా లావు, గుచ్చుకునేది అందుకే. ఒంటికి తగిలే చొక్కాకు 19 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతకంటే సన్నని పోగు చూసుకుంటే ఆ బాధ ఉండదు.

ఉతకడానికి ఎంజైములున్న మామూలు సర్ఫు వాడొద్దు. ఉన్ని మాంసకృత్తే కాబట్టి ఎంజైము దాన్నీ తినేస్తుంది. తలకు వాడే షాంపూ కొంచెం, గోరువెచ్చని నీళ్లు చాలు. పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో పరిచి ఆరబెట్టండి. తీగ మీద వేలాడదీస్తే నీటి బరువుకు సాగిపోతుంది. చెమట మరకలున్న చోటే పురుగు ముందు పడుతుంది కాబట్టి, ట్రెక్ నుంచి రాగానే ఉతికి, పూర్తిగా ఆరాక, జిప్ కవర్లో గాలి తీసి పెట్టండి.