మడ అడవిని కాసినందుకు డబ్బులు: ఇరవై ఏళ్లు తీసుకున్నవాడి మాట

కాకినాడ దగ్గర తాళ్లరేవు మండలంలో మాది చేపల వేట మీద బతికే ఊరు. అటవీ శాఖతో కలిసి అడవిని కాసే ఊరి సంఘం, వన సంరక్షణ సమితిలో నా పేరు ఎక్కి ఇరవై ఏళ్లు దాటింది. అడవిని కాస్తే డబ్బులిచ్చే పద్ధతి పనిచేస్తుందా అని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. పనిచేస్తుంది, కాకపోతే ఆ డబ్బు ఎవరి చేతిలో పడిందో చూడాలి.

బాగున్నది ముందు చెప్తాను. కాలువల పని. మడ కొట్టేసిన చోట నేల పళ్లెంలా కుంగుతుంది. పోటుకి ఎక్కిన నీరు అక్కడే నిలిచి, ఎండకి ఇగిరిపోయి ఉప్పు మిగులుస్తుంది. ఇక అక్కడ మడ మొక్క బతకదు. అందుకని ఏటిపాయ నుంచి ఒక పెద్ద కాలువ తీసి, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు తవ్వాం. పైనుంచి చూస్తే అచ్చం చేప ముల్లే. రోజూ పోటు నీరు వచ్చిపోతూ ఆ ఉప్పుని కడిగేస్తుంది. మోకాలి లోతు బురదలో పార దింపితే పైకి రాదు, సగం పని చేతులతోనే తోడాం. పోటు తగ్గిన నాలుగైదు గంటలే పని, మళ్లీ నీరు ఎక్కేలోపు గట్టు మీదికి వచ్చేయాలి. అప్పుడు నాటిన తెల్లమడ ఇప్పుడు నా తల దాటింది. ఆ కాలువల్లోనే మండపీతలు పడుతున్నాం. దీనికి ఐదుకి ఐదు మార్కులు.

తేడా కొట్టింది కాపలా డబ్బుల దగ్గర. 1996 నవంబరు తుపాను చూసినవాళ్లకి మడ విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ తర్వాత మా పెద్దలే ఒక కట్టుబాటు పెట్టారు: ఎండుపుల్లలు ఏరుకోవచ్చు, పచ్చి చెట్టు మీద కత్తి పెడితే తప్పు కట్టాలి. ఎవరికీ జీతం లేదు. గొడ్డలి చప్పుడు వినపడితే దారినపోయేవాడు కూడా కేకేసేవాడు. సమితి వచ్చి నలుగురికి కాపలా డబ్బులు మొదలయ్యాక ఆ కేక ఆగిపోయింది. "అది వాళ్ల పని కదా" అన్నారు. ఒక ఏడాది ఏడు నెలలు డబ్బులు రాలేదు. మేం నలుగురం వేటకి వెళ్లిపోయాం. ఊళ్లో మిగతావాళ్లు కదల్లేదు.

మా పిన్నితో జరిగింది మర్చిపోలేను. నా కాపలా రోజున తిల్ల చెట్టు పుల్లల మోపుతో పడవ దిగింది. తిల్ల పాలు చిమ్మి కన్ను వాచిపోయింది, కొంగు అడ్డం పెట్టుకుంది. మోపు దింపమన్నాను.

"ఏరా, కాసినందుకు నీకిస్తున్నారు. కొట్టకుండా ఉంటే నాకేమిస్తార్రా?"

మోపు నేనే ఎత్తి ఇంటిదాకా మోసిపెట్టాను. సమితి కాగితం మీద ఇంటికి ఒక ఆడమనిషి పేరు కూడా ఉంది. సంతకానికి పిలిచేవాళ్లు, లెక్క తేల్చేటప్పుడు కాదు. పుల్లలకి వెళ్లేది మాత్రం వాళ్లే. గ్యాస్ వచ్చిన ఇళ్లలో మోపులు తగ్గడం కళ్లారా చూశాను. ఖాళీ సిలిండర్ మీద బియ్యం డబ్బా పెట్టుకున్న ఇళ్లూ చూశాను.

మొన్న మావాడు ఫోన్లో ఉగాండా సంగతి చూపించాడు. అక్కడ 121 ఊళ్లు తీసుకుని, కొన్నింట్లో చెట్టు కొట్టని రైతుకి హెక్టారుకి ఏడాదికి 28 డాలర్ల లెక్కన ఇచ్చారట. రెండేళ్లలో డబ్బిచ్చిన ఊళ్లలో 4.2 శాతం చెట్ల విస్తీర్ణం పోతే, ఇవ్వనిచోట 9.1 శాతం పోయింది. బాగానే ఉంది. కానీ అక్కడ అడవి రైతు సొంతం, ఎవరికివ్వాలో తెలుసు. మా మడ సర్కారుది, పీత మాది, పుల్ల పిన్నిది. ఎవరికిస్తారు?

మడ కొట్టి తవ్వే రొయ్యల చెరువుల గురించి ఎక్కువ చెప్పను. ఒక్క పంట తగిలితే వచ్చే డబ్బు ముందు ఏ పథకం డబ్బూ ఆనదు.

2023 జూన్ 5న కేంద్రం మడ అడవుల కోసం మిష్టి అనే పథకం మొదలుపెట్టింది. ఉపాధి హామీ నిధులు, అడవి భూమిని వేరే పనికి తీసుకున్నవాళ్లు కట్టే పరిహారం (కాంపా) నిధులు కలిపి నాటిస్తామన్నారు అప్పట్లో. మా దగ్గర కూడా పని ఉండొచ్చని ఊళ్లో కూర్చుని పేర్లు అనుకున్నాం. పిన్ని అందరికంటే ముందొచ్చి కూర్చుంది. బ్యాంకు పుస్తకం కవర్లో చుట్టి కొంగున ముడేసుకుంది. నా పేరు రెండోది.