టీఐ-84 ప్లస్‌లో బొమ్మలు గీయడం: ఏళ్లపాటు వాడాక తేలిన విషయాలు

టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి గ్రాఫింగ్ కాలిక్యులేటర్ టీఐ-84 ప్లస్ 2004లో వచ్చింది. నలుపు తెలుపు తెర, అడ్డంగా 96, నిలువుగా 64 పిక్సెళ్లు. గ్రాఫ్ తెర మీద గీతకు దొరికేది 95×63. అమెరికాలో హైస్కూలు పిల్లలున్న మన ఇళ్లలో చదువయ్యాక ఇది సొరుగులో పడి ఉంటుంది. గ్రాఫిక్స్ కోడ్ మొదటిసారి నేర్చుకునేవాళ్లకు ఇంత మంచి పలక దొరకదు, బయటికి తీయండి.

ముందు ఇబ్బంది పెట్టేది కొలతలు. పిక్సెల్-ఆన్‌కు (తెర మీద ఒక పిక్సెల్‌ను నల్లగా చేసే ఆదేశం) వరుస ముందు, నిలువు గడి తర్వాత ఇవ్వాలి. ఎడమ పైమూల 0,0. వరుస 62, గడి 94 దాటితే డొమైన్ ఎర్రర్‌తో ప్రోగ్రామ్ ఆగిపోతుంది. పాయింట్-ఆన్, లైన్, సర్కిల్ ఆదేశాలు మాత్రం విండో కొలతలతో, అంటే గ్రాఫుకు మనం పెట్టుకున్న ఎక్స్, వై హద్దులతో నడుస్తాయి, అక్కడ ఎక్స్ ముందు. వీటిలో తెర దాటిన చుక్క కనిపించదంతే, ఎర్రర్ కూడా రాదు. అందుకే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం కష్టం. రెండు పద్ధతులనూ ఒక దారికి తేవాలంటే జడ్‌స్టాండర్డ్ (విండోను మామూలు హద్దులకు తెచ్చే ఆదేశం) ఇచ్చి, ఎక్స్‌మిన్‌లో (ఎడమ హద్దు) 0, డెల్టా ఎక్స్‌లో (పక్కపక్క పిక్సెళ్ల మధ్య దూరం) 1, వైమిన్‌లో -62, డెల్టా వైలో 1 పెట్టండి. ఎక్స్‌మాక్స్ 94కు, వైమాక్స్ 0కు వాటంతటవే వస్తాయి. ఇక వరుస సంఖ్యకు ముందు మైనస్ పెడితే అదే వై. ఈ కొలతల్లో వృత్తం కూడా కోడిగుడ్డులా సాగకుండా గుండ్రంగా వస్తుంది. -62లోని గుర్తుకు కింది వరుసలో బ్రాకెట్లలో ఉన్న మైనస్ మీట వాడాలి. తీసివేత మీట నొక్కితే సింటాక్స్ ఎర్రర్.

విండో సెట్టింగులు, ఫంక్షన్-ఆఫ్, ప్లాట్స్-ఆఫ్, యాక్సిస్-ఆఫ్ (ఫంక్షన్ల గ్రాఫులను, గణాంకాల ప్లాట్లను, అక్షాలను కనిపించకుండా చేసేవి) అన్నీ మొదటి గీతకు ముందే ఉండాలి, ఆ తర్వాత తెర తుడిచే క్లియర్-డ్రా. సగం గీశాక ఎక్స్‌మిన్ మారిస్తే యంత్రం గ్రాఫును కొత్తగా గీస్తుంది, అప్పటిదాకా గీసినదంతా పోతుంది. ఫంక్షన్-ఆఫ్ మరిచిపోతే లెక్కల క్లాసులో దాచిన వై1 వక్రరేఖ బొమ్మ మధ్యలోంచి వెళ్తుంది.

వేగం తక్కువ, అది ఒప్పుకోవాలి. 20×20 నల్ల గడిని పిక్సెల్-ఆన్‌తో నింపితే 400 ఆదేశాలు. ఒకే ఆదేశాన్ని మళ్లీ మళ్లీ నడిపే ఫర్ లూప్‌లో అడ్డ గీతలు గీస్తే 20 చాలు, తేడా కంటికే తెలుస్తుంది. చెరపడానికి లైన్ చివర ఇంకో కామా పెట్టి 0 ఇవ్వండి. సర్కిల్ మరీ నెమ్మది. దానికి నాలుగో విలువగా మీసాల బ్రాకెట్లలో సంకీర్ణ సంఖ్య ఐ ఇస్తే చాలా వేగంగా గీస్తుంది.

బొమ్మ కదిలించాలంటే కొత్త స్థానం లెక్క ముందే పూర్తి చేసుకుని, చెరపడం, గీయడం పక్కపక్కనే పెట్టండి. మధ్యలో లెక్క ఉంటే తెర మిణుకుమంటుంది. నొక్కిన మీట కోడ్ చెప్పే గెట్‌కీలో ఎడమ బాణం 24, పైది 25, కుడిది 26, కిందిది 34. బాణం మీటలు నొక్కి పట్టుకుంటే కోడ్ మళ్లీ మళ్లీ వస్తుంది, అంకెల మీటలకు అలా రాదు.

వెనక నేపథ్యం మారకపోతే ఒకసారి గీసి స్టోర్-పిక్‌తో దాచండి. రీకాల్-పిక్ తెరను తుడవదు, ఉన్నదాని మీదే వేస్తుంది. కనుక ముందు క్లియర్-డ్రా. ఒక్కో చిత్రానికి దాదాపు 770 బైట్లు పడుతుంది, దాచుకునే స్థానాలు పది. ర్యామ్ ఒక్కసారిగా చెరిగిపోవడం ఈ యంత్రంలో మామూలే, అందుకని రోజు పని ముగిశాక ప్రోగ్రామునూ చిత్రాలనూ ఆర్కైవ్ చేయండి, అంటే చెరగని మెమరీలోకి మార్చండి. మళ్లీ వాడే ముందు అన్ఆర్కైవ్ చేయకపోతే ఎర్రర్ వస్తుంది.

రంగుల తెర కావాలంటే 2015 నాటి టీఐ-84 ప్లస్ సీఈ ఉంది. గ్రాఫ్ భాగం 265×165, రంగుల సంఖ్యలు 10 నుంచి 24 వరకు: నీలం 10, ఎరుపు 11, నలుపు 12. పాత ప్రోగ్రాములోని పిక్సెల్ ఆదేశాలు అక్కడ పై ఎడమ మూలలో చిన్నగా గీస్తాయి, కొలతలన్నీ తిరగరాయాల్సిందే. తెర నింపడానికి ఏడు రెట్లకు పైగా చుక్కలు కావాలి. కాబట్టి మొదటి ఆటకు, మొదటి బొమ్మకు నా ఓటు పాత నలుపు తెలుపు యంత్రానికే.