సూదికి అందిన అతిపరావలయ తలం

కార్నెల్ విశ్వవిద్యాలయంలో జ్యామితి బోధించిన లాత్వియా గణితవేత్త డైనా తైమిన్యా, ఊరికే చిరిగిపోయే కాగితపు నమూనాలకు బదులుగా 1997లో అతిపరావలయ తలాన్ని, అంటే బల్లపరుపుగా ఉండక అన్నివైపులా జీనులా వంపు తిరిగే తలాన్ని (హైపర్‌బోలిక్ ప్లేన్), క్రోషేతో అల్లారు. ఆ కృషిని వివరించే ఆమె పుస్తకం ‘క్రోషేయింగ్ అడ్వెంచర్స్ విత్ హైపర్‌బోలిక్ ప్లేన్స్’ 2012లో గణిత పుస్తకాలకిచ్చే ఆయిలర్ బహుమతి పొందింది. చరిత్ర చెప్పే అధ్యాయాలు నాకు కొంత నిడివిగా తోచాయి గాని, అల్లిక భాగానికి వంక పెట్టలేము. ప్రతి వరుసలోనూ అయిదు కుట్లకొకటి అదనంగా వేస్తూ పోతే, వరుస వరుసకీ కుట్లు 1.2 రెట్లవుతాయి కనుక, నాలుగు వరుసలకే అవి రెట్టింపు దాటి, అంచు కోడిజుట్టు పువ్వులా ముడతలు పడుతుంది. ఒక రేఖకు వెలుపలి బిందువు గుండా దాన్ని ఖండించని రేఖలు ఎన్నో ఉండవచ్చన్న విషయాన్ని, బడిలో నేర్చిన యూక్లిడ్ జ్యామితి ఒప్పుకోని దాన్ని, ఈ అల్లిక మీద రంగుదారంతో కుట్టి చూపవచ్చు. మెత్తటి ఉన్ని వాలిపోతుంది. గట్టి సింథటిక్ దారంతో బిగువుగా అల్లితేనే ఆకారం నిలుస్తుంది.