తెలుగు పాఠాల రికార్డింగ్‌కు ఏది మేలు: ఫోనా, కాలర్ మైకా, యూఎస్‌బీ మైకా?

ఆన్‌లైన్‌లో పిల్లలకు తెలుగు చెప్పేవాళ్ళు నన్ను తరచూ అడిగేది ఇదే: "ఆడియో పాఠాలకు ఏ మైక్ కొనమంటారు?" యాప్‌లు, ఎడిటింగ్ మీకు తెలిసినవే కాబట్టి నేరుగా మైక్ దగ్గరికే వస్తాను.

ముందు రెండు మాటల సంగతి చెప్పాలి. డల్లాస్‌లో ఉండే ఏడేళ్ళ పాపకు 'అటు', 'అట్టు' రికార్డు చేసి పంపాను. రెండింటినీ 'అటు' అనే పలికింది. నాలుగుసార్లు విన్నా అంతే. అప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నా ఫైల్ నేనే విన్నాను. తప్పు పాపది కాదు. 'అట్టు' అనేటప్పుడు నాలుక అంగిలికి ఆని కాసేపు ఆగుతుంది కదా, ఒత్తు తెలిసేది ఆ ఆగడంలోనే. నా రికార్డింగ్‌లో ఆ కాస్త నిశ్శబ్దంలోకి గోడల ప్రతిధ్వని, ఫ్యాన్ చప్పుడు వచ్చి నిండిపోయాయి. మనకు మాట ముందే తెలుసు కాబట్టి మన చెవి సర్దుకుంటుంది. కొత్తగా నేర్చుకునే పిల్లకు అదెలా కుదురుతుంది?

అందుకే మైక్ ఖరీదు కన్నా అది నోటికి ఎంత దూరంలో ఉందన్నదే నేను ముందు చూస్తాను. దూరం రెట్టింపైతే నేరుగా వచ్చే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలో తిరిగే ప్రతిధ్వని మాత్రం దాదాపు అలాగే ఉండిపోతుంది. టేబుల్ మీద పెట్టిన ఫోన్ మనకు రెండడుగుల దూరం. మెడ దగ్గర బట్టకు తగిలించుకునే కాలర్ మైక్ జానెడు దూరం.

ఫోన్‌ను చేత్తో నోటికి దగ్గరగా, కాస్త పక్కకు పట్టుకుంటే చాలా బాగా వస్తుంది. పక్కకు ఎందుకంటే ఖ, ఫ, భ లాంటివి పలికినప్పుడు ఊపిరి మైక్‌కు తగిలి 'ఠప్' మంటుంది. కానీ రెండో చేత్తో వాచకం పేజీ తిప్పేసరికి ఫోన్ కదులుతుంది, గొంతు పెరిగి తగ్గుతుంది. రెండు నిమిషాల పదాల పాఠానికి సరే, పది నిమిషాల కథకు కష్టం.

కంప్యూటర్‌కు తగిలించి టేబుల్ మీద పెట్టుకునే యూఎస్‌బీ మైక్‌ను ఆరు నెలలు వాడాను. గొంతు నిండుగా, వినసొంపుగా ఉంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. పరదాలు, పరుపు ఉన్న ప్రశాంతమైన గది ఉంటే, దానికి దగ్గరగా కూర్చుని చెప్పగలిగితే అదే కొనండి. మా ఇంట్లో మాత్రం పక్కింటి కుక్కర్ విజిల్ కూడా పాఠంలోకి వచ్చేది.

ఇప్పుడు నేను వాడేది వైరున్న కాలర్ మైక్. వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. చేతులు ఖాళీగా ఉంటాయి, తల తిప్పకపోతే దూరం మారదు. పైట గానీ చున్నీ గానీ రాసుకుంటే గరగరమంటుంది, కాబట్టి పైకి పిన్ను పెట్టుకోవాలి. మీ ఫోన్‌కు ఇయర్‌ఫోన్ రంధ్రం ఉందో లేదో చూసుకునే కొనండి. ఇద్దరు మాట్లాడే సంభాషణ పాఠానికి ఇది ఒక్కటే సరిపోదు.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు వద్దు. చాలావాటిలో మైక్ ఆన్ కాగానే నాణ్యత పడిపోయి శ, ష, స తేడా తెలియదు. చేతి రికార్డర్ ఊళ్ళో అమ్మమ్మల కథలు సేకరించేవాళ్ళకు బాగుంటుంది.

ఏ మైకైనా ఫ్యాన్ ఆపి, బీరువా తలుపులు తెరిచి, చీరల ముందు నిలబడి చెప్పండి. బట్టలు ప్రతిధ్వనిని పీల్చేస్తాయి. 'అటు', 'అట్టు' మళ్ళీ అలాగే చేసి పంపితే పాప రెండోసారికే పట్టేసింది.

పంపేటప్పుడు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా వద్దు, అది బాగా కుదించేస్తుంది. 'డాక్యుమెంట్'గా జతచేస్తే ఫైల్ ఉన్నదున్నట్టు వెళుతుంది. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ మోనో వేవ్ (WAV, కుదించని) ఫైల్ అయితే నిమిషానికి సుమారు 5 ఎంబీ. పదాల పాఠాలు ఇలా పంపండి, కథలకు ఎంపీ3 చాలు.